రాజోలు నుండి రావులపాలెం వరకు

గత జమాదిల్ అవ్వల్ మాసంలో, వానలు వెనుకబట్టి కోనసీమ కాలువలలో నీరు తేటపడుతున్న రోజులలో, మర్హూమ్ మా మామూజాన్ పెద్ద కుమారుని నుండి మాకు ఫోను వచ్చింది.

"మౌలీ సాబ్, అబ్బా కారు అమ్మేస్తున్నాము. హైదరాబాదు నుండి ఒకాయన కొంటున్నారు. సోమవారం రావులపాలెంలో అప్పగించాలి. ఆ రోజు మీరు మా వెంట ఉంటే బాగుంటుంది" అన్నారు భాయీజాన్. కొంతసేపు ఆగి, "అమలాపురంలో ఆపా సంతకం ఒకటి కావాలి. మీరు చెబితే కాదనదు" అన్నారు.

మొదటి మాట మర్యాద కోసమని, అసలు పని రెండవదని మాకు అర్థమైంది. అయినను వస్తామన్నాము. ఆ కారుతో మాకు గల బంధం అటువంటిది. మరొక కారణం కూడా ఉన్నది. దానిని దాచకుండా ముందుకు పోతే ఈ వ్యాసం వ్రాయవచ్చును.

రాజోలు

కోనసీమను పటంలో చూచినవారికి అది గోదావరి తన చేతులతో చుట్టి పట్టుకున్న నేల వలె కనబడుతుంది. తూర్పున గౌతమి, పడమట వశిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణాన సముద్రం. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, సర్ ఆర్థర్ కాటన్ త్రవ్వించిన కాలువలు ఈ నేలను అన్నపు కుండగా మార్చినవి. 2022లో ఇది ప్రత్యేక జిల్లా అయ్యింది. ఇన్ని కలిగినను, మేమీ మాటలు వ్రాయుచున్న నాటికి అమలాపురానికి రైలు రాలేదు. నాలుగు దిక్కులా నీరున్న చోట ఒకరు ఒక చోటి నుండి మరొక చోటికి పోవాలంటే పూర్వం పడవ, పంటు, లేదా ఏటిగట్టు వెంబడి నడక మాత్రమే దిక్కు. అటువంటి సీమలో ఒక ఇంట కారు ఉండడమంటే అది ఊరందరి అవసరాలకు ఒక ఆసరా ఉండడమే.

మామూజాన్ కొబ్బరి వ్యాపారి. రాజోలు దగ్గరి తోటలలో దింపు తీయించి, ఒలిపించి, అంబాజీపేట మార్కెట్టుకు పంపేవారు. 1971లో ఆయన ఈ అంబాసిడర్‌ను రెండవ చేతిగా కొన్నారు. 1967 నాటి మార్క్ టూ. నీలి బూడిద రంగు. అప్పట్లో కొత్త కారు కావాలంటే డబ్బు కట్టి సంవత్సరాల తరబడి వేచి ఉండాలి. కనుక పాతదైనా దొరకడమే భాగ్యమని ఆయన అనేవారు. 1489 సీసీ పెట్రోలు ఇంజను, స్టీరింగు పక్కనే గేరు కడ్డీ, ముందు భాగంలో ఈ తలుపు నుండి ఆ తలుపు వరకు ఒకే సీటు. చలి ఉదయాలలో బానెట్ ముందు హ్యాండిల్ పెట్టి తిప్పితే గాని ఇంజను నిద్ర లేచేది కాదు.

అంబాసిడర్ చరిత్రను నేటి పిల్లలకు కొంచెం చెప్పవలసి ఉన్నది. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు నమూనాను తీసుకొని, కలకత్తా సమీపంలోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివర దీని తయారీ మొదలుపెట్టారు. మంత్రులు, కలెక్టర్లు, వైద్యులు, టాక్సీవారు అందరూ ఒకే కారులో తిరిగిన కాలమది. 2014 మే నెలలో ఆ కర్మాగారంలో పని ఆగిపోయింది. 2017లో 'అంబాసిడర్' అనే పేరును మాత్రమే ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థ 80 కోట్ల రూపాయలకు కొన్నది. కారు లేకపోయినా పేరుకు అంత వెల పలికింది.

మా మామూ ఇంట కూడా ఆ కారు ఒక పేరు వలెనే నిలిచింది. వంతెనలు రాని రోజులలో దానిని పంటుపైకి ఎక్కించి నది దాటించడం మేము చిన్నతనాన కన్నులారా చూచాము. రేవులో రెండు చెక్కలు వాలుగా వేసేవారు. మామూ తానే నడిపి ఎక్కించేవారు. ముందు చక్రాలు చెక్కపై పడగానే పంటు ఒక పక్కకు వంగేది. పిల్లలమైన మేమంతా ఒడ్డున నిలబడి బిస్మిల్లాహ్ అని అరిచేవారము. సఖినేటిపల్లి రేవు నుండి నర్సాపురం ఆవలి ఒడ్డుకు చేరే దాకా మామూ కారు దిగేవారు కాదు.

ప్రసవ వేదన పడుతున్న స్త్రీని రాత్రివేళ అమలాపురం ఆసుపత్రికి చేర్చినా, పాము కరచిన కూలీని చేర్చినా, పెండ్లి కుమారుని ఊరేగించినా ఆ కారే. హిందువులని, ముస్లిములని లేదు. పెట్రోలు డబ్బు అడిగినట్టు మేము వినలేదు. 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద చమురు సంస్థ బావి పేలి అరవై రోజులకు పైగా మండినప్పుడు, చుట్టుపక్కల ఊళ్ల ముసలివారిని, పిల్లలను ఆ కారు ఎన్నో తడవలు దూరాన ఉన్న బంధువుల ఇండ్లకు చేర్చింది. రాత్రి ఆకాశం ఎర్రగా ఉండేదని, దీపాలు వేయకుండానే దారి కనబడేదని మామూ చెప్పేవారు. 1996 నవంబరు 6 తుఫానులో కోనసీమ కొబ్బరి తోటలు నేలకొరిగినప్పుడు ఒక చెట్టు షెడ్డుపై పడింది. కారు పైకప్పు మీద ఆ సొట్ట నేటికీ ఉన్నది. దానిని తీయించడానికి ఆయన ఇష్టపడలేదు. "మనిషి మీద పడవలసినది దీని మీద పడింది, ఉండనీ" అనేవారు.

మేము బోధించే మద్రసాకు ప్రతి రమజాను మాసంలో బియ్యం బస్తాలు, కొబ్బరికాయలు ఆ కారు డిక్కీలోనే వచ్చేవి. ఇది గుర్తుంచుకోవలసిన సంగతి.

2003లో మామూజాన్ అల్లాహ్ సన్నిధికి చేరారు. ఆయన వెనుక ముమానీ, ముగ్గురు కుమారులు, ఒక కుమార్తె మిగిలారు. జనాజా అయిన కొన్ని దినాలకు ఇంటి వరండాలో అందరూ కూర్చున్నప్పుడు, ఊరి పెద్ద ఒకరు మమ్మల్ని చూచి, "మౌలీ సాబ్, ఆస్తి పంపకం సంగతి ఏమిటి?" అని అడిగారు. భాయీజాన్ వెంటనే, "అబ్బా కారును, తోటను ముక్కలు చేస్తామా? అన్నీ కలిసే ఉంటాయి" అన్నారు. లోపల తలుపు దగ్గర ఆపా నిలబడి ఉన్నది. మేము చూచాము. వారసత్వ శాస్త్రం బోధించేవారము కదా, అప్పుడు నోరు తెరవవలసింది మేమే. కాని ఆ ఇంటి ఉప్పు తిన్నవారము. బియ్యం బస్తాలు కళ్ల ముందు మెదిలినవి. "తీరిక మీద చూద్దాం" అన్నాము. ఆ తీరిక ఇరవై సంవత్సరాలకు పైగా సాగింది.

వైనతేయ ఒడ్డున

సోమవారం ఉదయం మేము రాజోలు చేరేసరికి కారును కడిగి తుడిచి వాకిట నిలిపారు. భాయీజాన్ ముందు సీటులో, చిన్న తమ్ముడు స్టీరింగు వద్ద. నడిమివాడు కువైట్‌లో ఉన్నాడు, అతని అంగీకార పత్రం ముందే వచ్చింది. ఎనభై దాటిన ముమానీ తెల్ల దుపట్టా కప్పుకొని వెనుక సీటులో కూర్చున్నారు. "అమలాపురం దాకా వస్తాను. కూతురి దగ్గర దిగిపోతాను. ఇక దీనిలో ఎక్కేది లేదు కదా" అన్నారు. మేము ప్రయాణ దుఆ చదివాము. ఆమె పెదవులు కూడా కదిలినవి.

అమ్మడానికి కారణాలు న్యాయమైనవే. షెడ్డు ఉన్న చోట చిన్నవాడు ఇల్లు కట్టుకొనుచున్నాడు. పాత మెకానిక్ చనిపోయాడు. విడిభాగాలు దొరకడం లేదు. ఇప్పటి పెట్రోలులో ఇథనాలు కలుస్తున్నందున పాత రబ్బరు గొట్టాలు త్వరగా చెడిపోతున్నవట. పాత ఇనుము వ్యాపారి ఒకరు వచ్చి బరువు లెక్కన ధర కడితే ముమానీ ఆ పూట అన్నం ముట్టలేదట. తరువాత హైదరాబాదు వారు పాత కార్ల మీది ప్రేమతో వచ్చి చూచి 2,80,000 రూపాయలకు బేరం కుదుర్చుకొని, బయానా ఇచ్చి వెళ్లారు.

తాటిపాక దాటి పాశర్లపూడి వైపు సాగాము. రోడ్డుకు ఇరువైపులా కొబ్బరి చెట్లు, వాటి నడుమ అరటి, వాటి క్రింద పోక, కంద. ఒక అడుగు నేల కూడా ఖాళీగా ఉండదు. కాలువ గట్టు మీద ఒలిచిన పీచు ఎండుతున్నది. కారును గుర్తుపట్టిన పెద్దవారు చేయెత్తి సలాము చేసేవారు, నమస్కారం పెట్టేవారు. ఒకచోట సైకిలు ఆపి ఒక ముసలాయన దగ్గరకు వచ్చి, తలుపు రేకు మీద చేయి వేసి, "అయ్యగారి బండి కదా! నా కొడుకు ఇందులోనే పుట్టబోయాడు, ఆసుపత్రి వాకిట్లో పుట్టాడు" అన్నాడు. భాయీజాన్ ముఖం తిప్పుకున్నారు.

బోడసకుర్రు వంతెన మీద చిన్న తమ్ముడు కారును నెమ్మదిగా పోనిచ్చాడు. క్రింద వైనతేయ విశాలంగా, నెమ్మదిగా సముద్రం వైపు పోతున్నది. ఒకప్పుడు ఈ దాటుకు గంటలు పట్టేవి. ఇప్పుడు రెండు మూడు నిమిషాలు. ముమానీ కిటికీ అద్దం దించి నీటిని చూస్తూ, "ఎనభై ఆరు వరదలో ఈ నీరే ఇంట్లోకి వచ్చింది. కారు మూడు రోజులు నీళ్లలో నిలబడింది. మీ మామూ దాని పక్కన మంచె మీద కూర్చున్నారు" అన్నారు.

1986 ఆగస్టు గోదావరి వరదను చూచినవారెవరూ మరువలేరు. ఆ వరద నీటికి కారు అడుగు రేకు తుప్పు పట్టింది. తరువాత అమలాపురంలో ఒక షెడ్డులో డ్రైవరు కాళ్ల క్రింద జానెడు మేర కోసివేసి కొత్త రేకు అతికించారు. పైన చాప కప్పి ఉంటుంది గనుక కనబడదు.

"కొనేవారు అది చూచారా?" అని మేము అడిగాము.

"పైన చాప ఉంది కదా మౌలీ సాబ్. ఆయన అడగలేదు, మేము చెప్పలేదు" అన్నాడు చిన్న తమ్ముడు. ఆ మాట అక్కడికి ఆగింది.

అమలాపురం

నల్లవంతెన, గడియార స్తంభం దాటి ఒక సందులో ఆపా ఇల్లు. భర్త చాలాకాలం గల్ఫ్‌లో కష్టపడి ఆరోగ్యం చెడి తిరిగి వచ్చారు. ఆపా ఇంటి వద్ద కుట్టుపని చేస్తుంది. వాకిట్లో కారు ఆగిన చప్పుడు విని బయటకు వచ్చి, తల్లిని చేయి పట్టి దించుకున్నది. పనస ఆకుల బుట్టలలో వండిన పొట్టిక్కలు, కొబ్బరి పచ్చడి పెట్టింది. పండుగనాడు పెట్టినట్టే పెట్టింది.

భోజనం తరువాత భాయీజాన్ కాగితాలు తీశారు. ఇక్కడ చట్టం సంగతి కొంత తెలియాలి. యజమాని మరణించినప్పుడు వారసులు 30 రోజుల లోపు రవాణా అధికారులకు తెలిపి, మూడు నెలల లోపు 31వ నంబరు ఫారముతో బండిని తమలో ఒకరి పేరుకు మార్పించుకోవాలి. తక్కిన వారసులందరూ తమకు అభ్యంతరం లేదని వ్రాసి ఇవ్వాలి. ఆ తరువాతనే 29, 30 ఫారములపై మరొకరికి అమ్మడం. మన ఇండ్లలో ఎందరు ఇలా చేస్తున్నారు? చనిపోయినవారి పేరు మీదనే బండ్లు, భూములు, కరెంటు మీటర్లు సంవత్సరాల తరబడి నడుస్తుంటాయి. ఈ కారు కూడా అంతే. మామూజాన్ కబరులో ఉన్నారు, బండి కాగితం మీద మాత్రం ఆయనే యజమాని. ఇప్పుడు అపరాధ రుసుముతో ఆ పని పూర్తి చేస్తున్నారు. దానికి ఆపా సంతకం కావలసి వచ్చింది.

ఆపా కాగితం చదివింది. పదో తరగతి వరకు చదివిన మనిషి. కలం తీసుకోలేదు.

"భాయీజాన్, దీనిలో 'నాకు ఎటువంటి హక్కు, అభ్యంతరం లేదు' అని ఉంది. అభ్యంతరం లేదు, నిజమే. హక్కు లేదని ఎలా రాసేది?" అన్నది.

భాయీజాన్ మా వైపు చూచారు. "మాట వరసకు రాసేదే కదా. మౌలీ సాబ్, మీరు చెప్పండి."

ఆపా కూడా మా వైపే చూచింది. ఇరవై సంవత్సరాల క్రితం తలుపు దగ్గర నిలబడి చూచిన చూపే అది. కోపం కాదు. అడిగే చూపు.

"నాకు కారంటే ప్రాణం. ఈ చేతులతోనే దాని అద్దాలు తుడిచాను" అన్నదామె. "కాని అబ్బా పోయిన తరువాత మీరు ముగ్గురూ 'మన కారు' అంటూ తిరిగారు. నేను ఎక్కాలంటే మాత్రం అడగవలసి వచ్చేది. నా కూతురి నికాహ్ నాడు మరమ్మతులో ఉందన్నారు. అద్దె టాక్సీలో పంపించాను. నేను అప్పుడేమైనా అన్నానా?"

ఎవరూ మాట్లాడలేదు. ముమానీ తస్బీహ్ పూసలు కదలడం మాత్రమే వినబడింది.

అప్పుడు మేము మొదట మా తప్పు చెప్పుకున్నాము. "ఆపా, ఆనాడు వరండాలో మేము చెప్పవలసిన మాట చెప్పలేదు. మొహమాటపడ్డాము. అల్లాహ్ మమ్మల్ని క్షమించాలి, మీరు కూడా క్షమించాలి" అన్నాము. యాభై దాటిన మనిషి, పిల్లలకు పాఠం చెప్పేవాడు, అందరి ముందు ఈ మాట అనడం సులభం కాలేదు. కాని అన్న తరువాత గుండె తేలికపడింది.

తరువాత కాగితం తీసుకొని లెక్క వ్రాశాము. మరణించినవారి అంత్యక్రియల ఖర్చు, అప్పులు, వీలునామా ఏదైనా ఉంటే మూడవ వంతుకు మించకుండా అది తీరిన తరువాత, మిగిలినది వారసులది. సూరా నిసా ఈ వాటాలను నిర్ణయించింది. పిల్లలు ఉన్నప్పుడు భార్యకు ఎనిమిదవ వంతు. మిగిలిన దానిలో కుమారునికి రెండు పాళ్లు, కుమార్తెకు ఒక పాలు. ముగ్గురు కుమారులకు ఆరు పాళ్లు, కుమార్తెకు ఒకటి, మొత్తం ఏడు. 2,80,000లో ముమానీకి 35,000. మిగిలిన 2,45,000ను ఏడు చేస్తే పాలు 35,000. అంటే ఒక్కొక్క కుమారునికి 70,000, ఆపాకు 35,000.

"ఇది ఎవరూ దయతో ఇచ్చేది కాదు, ఎవరూ దయతో వదులుకొమ్మని అడగదగినది కాదు" అన్నాము. "చేతికి అందిన తరువాత ఆపా తన ఇష్టప్రకారం ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. అందక ముందు మొహమాటంతో వదిలించుకోవడం మాత్రం ఇచ్చుట కాదు."

భాయీజాన్ చాలాసేపు ఆ లెక్క చూచారు. "ముప్పై ఐదు వేలకు ఇంత మాట వచ్చిందా" అన్నారు. మళ్లీ తానే, "కాదులే, డబ్బు మాట కాదు" అన్నారు. 'హక్కు' అనే పదాన్ని కొట్టివేసి, 'నా వాటా స్వీకరించే షరతుపై పేరు మార్పుకు అంగీకరిస్తున్నాను' అని తిరిగి వ్రాయించారు. ఆపా బిస్మిల్లాహ్ అని సంతకం చేసింది.

బయలుదేరే ముందు ఆమె వాకిట్లోకి వచ్చి, కొంగుతో వెనుక అద్దం తుడిచింది. ముమానీ గుమ్మంలో కుర్చీ వేయించుకొని, కారు మలుపు తిరిగే దాకా చూస్తూ కూర్చున్నారు.

కొత్తపేట

అమలాపురం నుండి కొత్తపేట దారి మాకు ఎప్పుడూ ఇష్టమే. కాలువ రోడ్డు వెంట వస్తుంది, విడిపోతుంది, మళ్లీ కలుస్తుంది. వరి చేలు, వాటి గట్ల మీద కొబ్బరి వరుసలు, ఇంటి ముందు పూల మడులు. ఆ సాయంత్రపు వేళ చేల మీద పొగమంచు పరచుకుంటున్నది. అయితే మా మనసు ప్రకృతి మీద లేదు. కాళ్ల క్రింది చాప మీద ఉన్నది.

కొత్తపేటలో అసర్ నమాజుకు ఆగాము. నమాజు తరువాత మస్జిదు వాకిట్లో ఆ ప్రస్తావన తెచ్చాము. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మదీనా బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపల తడి ఉండడం గమనించి, ఆ తడిసిన గింజలను అందరికీ కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని వ్యాపారిని ప్రశ్నించిన సంఘటన మన పిల్లలకు కూడా తెలిసినదే. మోసగించేవాడు తమవాడు కాడని వారు హెచ్చరించారు. కొబ్బరి రాశి అయినా, కారు అయినా న్యాయం ఒకటే. సరుకులోని లోపం దాచి అమ్మితే, అది బయటపడిన తరువాత సరుకు తిరిగి ఇచ్చివేసే హక్కు కొన్నవానికి ఉంటుంది. మా పాఠ్య గ్రంథాలలో దీనిని ఖియారుల్ ఐబ్ అంటారు.

పైగా ఈ కొనుగోలుదారు ఉద్దేశం వేరు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాత వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరాలు దాటి, అసలు రూపంలోనే ఉన్న వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. వాటికి 'వీఏ' అక్షరాలున్న నంబరు ఇస్తారు. కొత్తగా నమోదుకు 20,000 రూపాయల రుసుము, పది సంవత్సరాల గడువు. రోజువారీ ప్రయాణానికి వాటిని వాడరాదు. ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు జరిగి ఉండరాదు. ఆయన దీని కోసమే కొంటున్నప్పుడు, అడుగు రేకు సంగతి ఆయనకు తెలియకపోవడం చిన్న విషయం కాదు.

చిన్న తమ్ముడు ఒప్పుకోలేదు. "జానెడు రేకుకు నలభై యాభై వేలు పోతాయి. ఇప్పుడే కదా ఆపాకు వాటా అన్నారు? ఆమెకూ నష్టమే కదా!" అన్నాడు. అది తెలివైన వాదం. ఆమె హక్కు కోసం మాట్లాడిన మా నోటితోనే ఆమెకు నష్టం తెచ్చే మాట వస్తున్నది. సొత్తు అయిదుగురిది గనుక, ఆమెను అడగకుండా నిర్ణయించరాదని, ఫోను చేయమన్నాము.

ఫోనులో ఆపా గొంతు పైకే వినబడింది. "ఆ అతుకు వేయించిన రోజు అబ్బాతో షెడ్డుకు వెళ్లింది నేనే. కారు ఎక్కినవారందరికీ చాప ఎత్తి చూపించేవారు, ఇది వరద గుర్తు అని. ఆయన చూపించినది మనం దాచుతామా? నా దానిలో ఎంత తగ్గినా సరే, చెప్పి అమ్మండి. అమ్మీ కూడా ఇదే అంటున్నారు."

చిన్నవాడు ఫోను జేబులో పెట్టుకొని, ఏమీ అనకుండా కారు తలుపు తీశాడు.

రావులపాలెం

రావులపాలెం అంటే అరటి మార్కెట్టు. సైకిళ్ల మీద, ఆటోల మీద గెలలు వచ్చి లారీలకు ఎక్కుతుంటాయి. ఆ ఆకుపచ్చ సందడి పక్కన, జాతీయ రహదారి అంచున, కారును తీసుకుపోయే లారీతో కొనుగోలుదారు వేచి ఉన్నారు. నలభై ఏండ్ల మనిషి. ఆయన తండ్రి కూడా ఒకప్పుడు అంబాసిడర్ నడిపేవారట.

భాయీజాన్ తానే ముందుకు వెళ్లి చాప ఎత్తారు. "ఇది 1986 వరదలో పాడైతే అతికించినది. మొదట చెప్పలేదు, తప్పు మాదే. ఇప్పుడు మీ ఇష్టం. వద్దంటే బయానా ఇక్కడే తిరిగి ఇచ్చేస్తాము" అన్నారు.

ఆయన ఫోను వెలుగులో రేకును తట్టి చూచారు. కారు క్రింద దూరి అడుగు నుండి చూచారు. ఎవరికో రెండు ఫోనులు చేశారు. ముఖం వాడిపోయింది. "ముందే చెప్పి ఉంటే ఇంత దూరం లారీ తెచ్చేవాణ్ణి కాదు" అన్నారు. ఆ మాటలో న్యాయం ఉన్నది. మేమెవరమూ బదులు చెప్పలేదు. అరగంట గడిచింది. చివరకు, "2,40,000 అయితే తీసుకుంటాను. రిజిస్ట్రేషను కష్టం నేను పడతాను" అన్నారు.

భాయీజాన్ తమ్ముని వైపు చూచారు. చిన్నవాడు దూరంగా అరటి గెలల వైపు చూస్తూ, సరే అన్నట్టు తల ఊపాడు.

లెక్క మళ్లీ వ్రాశాము. ముమానీకి 30,000, కుమారులకు 60,000 చొప్పున, ఆపాకు 30,000. ఆపా వాటాను ఆమె ఖాతాకు అక్కడి నుండే పంపించారు. భాయీజాన్ తాళం చెవి ఇవ్వబోతూ ఆగి, దానికి వ్రేలాడుతున్న పాత కొబ్బరి చిప్ప బిళ్లను విప్పి జేబులో వేసుకున్నారు. కారు లారీ ఎక్కుతున్నప్పుడు, పూర్వం పంటు ఎక్కేటప్పటి వలెనే, ముందు చక్రాలు చెక్కపై పడగానే అది ఒక పక్కకు ఒరిగింది. మా నోటి నుండి అప్రయత్నంగా బిస్మిల్లాహ్ వెలువడింది.

బస్సులో గౌతమి వంతెన దాటుతున్నప్పుడు మేము ఆలోచించినది ఇది. ఆ కారును ఆ ఇంటివారు ప్రేమతోనే నిలుపుకున్నారు, అందులో అబద్ధం లేదు. అయినను ఆ ప్రేమ చాటున ఒక ఆడబిడ్డ హక్కు ఇరవై ఏండ్లు షెడ్డులో నిలిచిపోయింది. తండ్రి గుర్తును విడదీయరాదన్న మాట వినడానికి ఎంతో గొప్పగా ఉంటుంది. కాని ఆ గుర్తు ఎవరి చేతిలో ఉన్నది, ఎవరి చేతికి అందలేదు అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. మామూజాన్ కారులో అందరికీ చోటు ఉండేది. ఆయన తరువాత దానిలో ఒకరికి చోటు తగ్గింది.

కారు కథ ముగిసినా తోట కథ ముగియలేదు. ఆ మరుసటి శుక్రవారం భాయీజాన్ ఫోను చేసి, కొబ్బరి తోట కొలిపించాలని, మమ్మల్ని మళ్లీ రమ్మని అన్నారు. ఇప్పటికి సర్వే జరిగింది. రిజిస్ట్రేషను ఇంకా కాలేదు. చిన్నవాడు మాతో ఇప్పటికీ ముక్తసరిగానే మాట్లాడుతున్నాడు. అల్లాహ్ వారి హృదయాలను కలుపుగాక.

పాఠకులారా, మీ ఇంట చనిపోయినవారి పేరు మీద నడుస్తున్న బండి ఏదైనా ఉన్నదా? పొలం ఉన్నదా? ఇల్లు ఉన్నదా? ఒకసారి ఆ కాగితం తీసి చూడండి. దాని మీద లేని పేరు ఎవరిదో, ఆ పేరు గల సోదరి ఏ ఊరిలో ఉన్నదో మీకు తెలుసు. ఆమె అడిగేదాకా ఆగకండి. మా వంటివారు వరండాలో కూర్చొని మౌనంగా ఉంటే, మమ్మల్ని కూడా అడగండి.